చర్లకు పోయినవా?

మా మేనేజర్ సార్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చినప్పుడు ఖానాపురం హవేలిలో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఆటో వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. కలిసినప్పుడల్లా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. ఇక దాన్ని అడిగేవారు లేరు.

సార్ ఒకప్పుడు పేరున్న ఫుట్‌బాల్ డిఫెండర్. మోకాలు దెబ్బతిన్నాక ఆట మాని, ఖమ్మంలో మా టీముకు మేనేజర్ అయ్యారు. కోచింగ్, బస్సు టికెట్లు, అరటిపళ్లు, చిరిగిన బంతికి కుట్లు, అన్నీ ఆయనవే. గోల్ కొట్టినవాడిని అందరూ ఎత్తుకుని తిరుగుతుంటే ఆయన మాత్రం వెనకున్న మా డిఫెండర్ల దగ్గరికి వచ్చి వీపు తట్టేవారు. "డిఫెండర్ పేరు జనం నోట్లె పడ్డదంటే ఏదో తప్పు చేసిండన్నట్టే," అనేవారు. నస కూడా తక్కువేం కాదు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ అనకుండా చేతి గడియారం చూపించి చంపుకుతినేవారు.

ఆయనకొక పట్టుదల ఉండేది. ఎదుటి టీము వట్టికాళ్లతో ఆడితే మేమూ బూట్లు విప్పాలి. అడవి ఊళ్లకు వెళ్లినప్పుడల్లా ఇదే తంతు. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు.

చర్ల కూడా అలాంటి ఊరే. అక్కడొక మ్యాచ్, వాళ్లవి వట్టికాళ్లు. వాన పడి నేల జారుతోంది. నావి కొత్త బూట్లు, పైగా ఆట చూడటానికి సెలెక్టర్లు వచ్చారని ఎవరో అన్నారు. విప్పుతున్నట్టే వంగి, లేసులు బిగించుకుని సార్ గమనించేలోపు లోపలికి పరుగెత్తాను. కాసేపటికే వాళ్ల ఫార్వర్డ్ కాలి మీద నా బూటు పడింది. బొటనవేలి గోరు ఊడొచ్చింది. అతను కూలబడ్డాడు. అతన్ని దవాఖానాకు తీసుకుపోయారు. సార్ నన్ను బయటికి పిలిచి, నా బదులు ఎవరినీ దించకుండా పదిమందితోనే ఆడించారు. ఓడిపోయాం.

తిరుగు బస్సులో పక్కన కూర్చుని చెప్పారు.

"నేను గూడ గిట్లనే ఒకని కాలు తొక్కిన. ఆ మ్యాచ్ మేమే గెలిసినం. వాడు మళ్ల బంతి ముట్టలే. తప్పయిందని చెప్పేందుకు పోయేసరికి వాడు ఊళ్లె లేడు, కూలికి ఎటో పోయిండు. నువ్వు జల్దీ పో బేటా."

నేను వెళ్లలేదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. బజార్లో కనబడితే సార్ బాగోగులన్నీ అడిగి చివర్లో, "చర్లకు పోయినవా?" అనేవారు. రోడ్డు బాగాలేదు సార్ అనేవాణ్ణి. "అవ్, బాగైనంక పో," అని చాయ్ ఇప్పించేవారు. తిట్టినా బాగుండేది. మంచం పట్టాక చూడబోతే మళ్లీ అదే అడిగారు. అప్పటికీ వెళ్లలేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పోయిన ఆదివారం ఆయన పేరు మీద చర్లలో మ్యాచ్ పెట్టుకుంటే టీముతో పాటు నేనూ వెళ్లాను. ఆ ఫార్వర్డే ఇప్పుడు అక్కడి టీమును నడిపిస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. తప్పయిందని, ఎప్పుడో రావాల్సిందని చెప్పాను.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ సార్ మర్నాడే వచ్చిండన్నా. పుండు మానేదాంక వారం వారం వచ్చిండు. నువ్వు గూడ వస్తవని చెప్పిండు. నీ కోసం చూసిన."

నేను సాకుగా చెప్పిన ఆ రోడ్డు మీదే, ఆ మోకాలితో, సార్ వారం వారం వచ్చారు. నాతో ఒక్కసారైనా అనలేదు.

ఇప్పుడు చర్ల ఆటగాళ్లందరికీ బూట్లున్నాయి. ఆట మొదలయ్యే ముందు అతను వాళ్లకేసి చూసి, "సార్ మ్యాచ్," అన్నాడంతే. వాళ్లు కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి మావాళ్లూ విప్పారు. బంతి కదిలేసరికి గీత పక్కన బూట్లన్నీ వరుసగా ఉన్నాయి. నేను ఆడకపోయినా, ఆ వరుస చివర నావి కూడా విప్పి పెట్టి తడి నేల మీద నిలబడ్డాను.