జెండా ధర

మా ఎంబీయే రెండో ఏడులో ‘వ్యాపారం, ప్రభుత్వం, సమాజం’ అనే కోర్సు ఉండేది. అది చెప్పే మేడమ్‌కి తరగతి గది అంటే గిట్టదు. బోర్డు మీద ఆ మూడింటికీ మూడు సున్నాలు గీసి, అవి బయట ఎక్కడ ఒకదానిమీదొకటి పడతాయో మీరే చూసి రండని మమ్మల్ని తరిమేసేవారు. నా వంతుకి కేసముద్రం మార్కెట్ యార్డు వచ్చింది. ఒక రైతు వెంట ఉండి, సరుకు అమ్ముడుపోయేదాకా జరిగిందంతా రాసుకురావాలి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఆ ఉదయం బయల్దేరుతుంటే మర్నాడు బంద్ అని హాస్టల్‌కి కబురొచ్చింది. ఊరేగింపులో బ్యానర్ పట్టుకునే పని నాది. ఆ హుషారుతోనే రైలెక్కాను.

నాకు దొరికిన రైతు, నెల్లికుదురు దగ్గరి తండా నుంచి పత్తి బస్తాలు తెచ్చిన ఒక అవ్వ. వెంట వచ్చిన కోడలితో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడేది. స్టేషన్ ఘన్‌పూర్‌లో కిరాణా దుకాణంలో పెరిగిన నాకు పత్తి చేను బస్సు కిటికీలోంచే పరిచయం. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

యార్డులో ముందు జెండా పాట జరుగుతుంది. వచ్చినవాటిలో మేలైన ఒక రాశి దగ్గర జెండా పెట్టి, వ్యాపారులు దానికి ధర పాడతారు. మైకులో చెప్పేది ఆ ధరే. మిగతా పత్తి చాలావరకు అంతకంటే తక్కువకే పోతుంది. అక్కడ చాయ్ అమ్మే ఆయనకు కూడా తెలిసిన ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. మైకులో విన్నది పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాను.

అవ్వ పత్తికి ఖరీదుదారు తక్కువ చెప్పగానే నాకు ఒళ్లు మండింది. ఇది మోసం, ఇవ్వొద్దు, రేపు జెండా ధర ఇవ్వక ఎక్కడికి పోతాడన్నాను. కోడలు ఇచ్చేద్దామంది. అవ్వ నా మొహం, నా పుస్తకం చూసి, సదువుకున్న పిల్ల చెబుతోంది కదా, ఆగుదామంది. సాయంత్రం బండిలో వెనక్కి వస్తూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు హనుమకొండ చౌరస్తాలో గొంతు చించుకున్నాను. దుకాణాలన్నీ మూసి ఉంటే గర్వంగా అనిపించింది. మార్కెట్ యార్డు కూడా మూసే ఉంటుందని, అక్కడ ఆరుబయట ఉన్న ఆమె పత్తి మంచుకి చెమ్మగిల్లుతుందని ఒక్కసారి కూడా తట్టలేదు.

మూడో రోజు నేను వెళ్లేసరికి ఖరీదుదారు బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూస్తున్నాడు. తేమ ఎక్కువుందని, మొదటిరోజు చెప్పినదానికంటే ఇంకా దించాడు. ఈసారి అవ్వ ఇచ్చేసింది.

మైకు ధర ఆ ఒక్క రాశికేనని చాయ్ అమ్మే ఆయన చెప్పాక సిగ్గుతో చచ్చిపోయాను. జెండా పాట సంగతి తెలియక చెప్పానని ఒప్పుకున్నాను.  తెలంగాణ రావాలని తమ తండావాళ్లు కూడా రోడ్డెక్కారని ఆమె చెప్పింది. తర్వాత ఖాళీ సంచులు మడత పెడుతూ అడిగింది.

“బందని నీకు ముందుగాల్నే ఎరికేనా, బిడ్డ?”

లేదని అనేయాలనిపించింది. “ఎరికే, అవ్వ,” అన్నాను.

“మరి గది గుడ రాసుకో నీ బుక్కుల.”

సంచులు చంకన పెట్టుకుని కోడలి వెనకాల వెళ్లిపోయింది.

రిపోర్టులో జెండా పాట గురించి, తేమ గురించి, బంద్ వల్ల రైతుకు వచ్చిన నష్టం గురించి వివరంగా రాశాను. నాకు ముందే తెలుసన్న ఒక్క ముక్క రాయలేదు. మేడమ్ దాన్ని తరగతిలో చదివి వినిపించి, మూడు సున్నాలూ కలిసే చోటు బాగా పట్టుకున్నావని మెచ్చుకున్నారు. ఆ చోట నిలబడి ఉన్నది నేనేనని లేచి చెప్పలేకపోయాను.