నొక్కుకు ఐదు రూపాయలు

మా నాయనకు మార్కాపురంలో పలక రాయి కోసే షెడ్డు ఉంది. బడిపిల్లల పలకలు అడిగేవాళ్లు తగ్గినాక గోడలకు అతికించే రాళ్లు కోసినాడు. అవీ కదల్లేదు. ఆదివారం లోపల బేరం రాకపోతే కోత మిషను అమ్మేస్తానని గిద్దలూరు ఆయనకు మాట కూడా ఇచ్చినాడు. నేనేమో ఆ మిషను చప్పుడు వింటా పెరిగినదాన్ని. “ఐదు వందలు ఇయ్యి నాయనా, ఫోన్లో ప్రకటన ఇస్తా” అన్నా.

ఇచ్చినాడు. ఆ పూటంతా కూర్చుని ఆ లెక్క పట్టుకున్నా. ప్రకటన ఊరికే కనపడితే పైసా పట్టదు, ఎవరన్నా నొక్కితేనే మనం కట్టినదాంట్లోంచి డబ్బు కోసుకుంటారు. ఆ ధర కూడా ఒకరు పెట్టింది కాదు. సంతలో పొట్టేలుకు పాడినట్టు, జనం వెతికే ఒక్కో మాటకు దుకాణాలోళ్లు వేలం పాట పాడతారు. ‘గోడ రాళ్లు’ అనే మాటకు పట్నమోళ్లు ఎగబడి ముప్పై రూపాయల దాకా తెచ్చినారు. ‘మార్కాపురం పలక రాయి’కి మాత్రం ఐదే, పోటీకి ఎవరూ లేరు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ఊపులో చేయరాని పని చేసినా. మా కుటుంబం గ్రూపులో తొంభై మంది ఉంటారు. మన ప్రకటన వచ్చింది, వెతికి చూడండని పెట్టినా. చెయ్యి మంచిదని యర్రగొండపాలెం పెద్దమ్మ చేత బోణీ నొక్కు నొక్కించినా. ఇంక చూడు, వెలిగండ్ల నించి హనుమంతునిపాడు దాకా మావాళ్లు ఒకరి వెనక ఒకరు నొక్కినారు. నేను అన్నం తిని చూసేసరికి ఐదు వందల్లో తొంభై రూపాయలే మిగిలినాయి.

పెద్దమ్మకు ఫోన్ చేసి అరిచినా.

“ఏందే ఆ మాట? మనోళ్ల దుకాణం ముందర పోతా లోపలికి తొంగి చూడకుండా పోతారా?” అన్నది.

ఆమె తప్పేముంది, మా దిక్కు మర్యాదే అట్లాంటిది. బుద్ధి లేనిది నాకు.

ప్రకటన మన జిల్లాలో కనపడకుండా తీసేసి, ఒక్క హైదరాబాదుకే పెట్టినా. శుక్రవారం ఒకరు నొక్కినారు. శనివారం నలుగురు. ఐదైదు రూపాయలు పోతున్నా గుండె ఎగిరిపడేది, ఈసారి నొక్కింది చుట్టాలు కాదు కదా. ఆదివారం పొద్దున ఇంకొక నొక్కు పడింది, వెంటనే ఫోన్ మోగింది. ఇల్లు కట్టుకుంటున్న ఆయనంట, కాంపౌండు గోడకంతా మా రాయే కావాలన్నాడు. మధ్యాహ్నానికి అడ్వాన్సు పంపినాడు.

నాయన గిద్దలూరు ఆయనకు ఫోన్ చేసి మిషను అమ్మటంలేదని చెప్పినాడు. తర్వాత నా దిక్కు తిరిగి, “దాంట్లో ఇంకా ఎంత ఉంది?” అన్నాడు.

“అరవై.”

గడప తొక్కిన మనిషిని మజ్జిగన్నా తాపకుండా పంపడు మా నాయన. ఆయనే పెద్దమ్మకు ఫోన్ కలిపినాడు.

“వదినా, కోపం చేసుకోవద్దు. కొన్నాళ్లు మనోళ్లెవరినీ మా దుకాణం దిక్కు రానియ్యొద్దు.”