మార్కెట్లో మారిపోయిన అత్తగారు

మార్కెట్‌కి వెళ్ళి కొత్తిమీర మర్చిపోయి వచ్చేవాళ్ళుంటారు. గొడుగు మర్చిపోయేవాళ్ళుంటారు. మా వీధిలో ఒకాయన ఏకంగా స్కూటరే మర్చిపోయి ఇంటికి నడిచొచ్చాడు. కానీ పెళ్ళయి పది రోజులైనా తిరక్కుండా అత్తగార్ని మార్కెట్లో వదిలేసి, ముక్కూమొహం తెలియని ఇంకొకావిడ వెంట వెళ్ళిపోయి, ఊరివాళ్ళ ఇంట్లో గంపెడు కొబ్బరి కోరిన కోడల్ని మాత్రం ఈ గోదావరికి అటుగానీ ఇటుగానీ నేనొక్కదాన్నే. కావాలంటే వాకబు చేసుకోండి.

ముందు నా కళ్ళ సంగతి చెప్పాలి. కళ్ళజోడు తీస్తే నాకు మనుషులు మనుషుల్లా కనిపించరు, ఆరేసిన బట్టల్లా కనిపిస్తారు. రంగు తెలుస్తుంది, లోపల ఎవరున్నారో తెలియదు. నిడదవోల్లో మా ఇంట్లో పెళ్ళిచూపులు జరిగిన రోజున మా పెద్దమ్మ నా కళ్ళజోడు లాగేసుకుని బియ్యం డబ్బాలో దాచేసింది. "అది పెట్టుకుంటే లెక్కల మేష్టారమ్మలా ఉంటావే. పెళ్ళికొడుకు ఎక్కాలు అప్పజెప్పి పారిపోతాడు" అంది. అలా అబద్ధం మొదలైంది. తరవాత పెళ్ళికని కళ్ళలో పెట్టుకునే లెన్సులు కొన్నాం. పెళ్ళయ్యాక మా ఆయన ప్రసాదుకి చెప్పేశాను. ఆయన నవ్వి, "అమ్మకి మెల్లిగా చెబుదాంలే" అన్నారు. ఆ మెల్లిగా అన్నది ఎంత మెల్లిగా నడిచిందంటే, అది వచ్చేలోపే కొంప మునిగింది.

ఆ రోజు పొద్దున్నే మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, మన రాజమండ్రి పాత మార్కెట్టు నువ్వు చూళ్ళేదు కదా. పద, చూపిస్తాను" అన్నారు. సరిగ్గా ఆ క్షణంలోనే నా కుడికంటి లెన్సు వాష్‌బేసిన్‌లో పడి, నీళ్ళతోపాటు గోదావరి దారి పట్టింది. ఒంటి లెన్సుతో లోకం అటూ ఇటూ ఊగుతుంటే రెండోదీ తీసేశాను. కళ్ళజోడు పెట్టెలోనే ఉంది. పెట్టుకుంటే గుట్టు రట్టు. మా ఆయన చూస్తే స్నానానికి వెళ్ళి, లోపల పాటలు పాడుతున్నారు. ఫోను చార్జింగులో ఉంది. నేనేం చేశానంటే, "అత్తయ్యగారి చీర చిలకపచ్చ. ఎర్రంచు. దాన్నే పట్టుకుని నడిచేస్తే సరి" అనుకుని బయలుదేరాను. ఇంతకన్నా తెలివైన ఆలోచన నాకు అంతకుముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు.

గోదావరి గట్టుకి దగ్గర్లో ఉంటుందా మార్కెట్టు. మా అత్తగారి అత్తగారు కూడా అక్కడే కూరలు కొన్నారట. కళ్ళకి కనపడకపోయినా ముక్కుకి మాత్రం అద్భుతంగా ఉంది. కడియం నుంచి వచ్చిన చేమంతుల గుట్టలు, పక్కనే తడి కరివేపాకు, ఆ పక్కన మామిడితాండ్ర, ఎక్కడో కాగుతున్న నూనె.

"ఇక్కడే ఉండమ్మా, పూలు తీసుకుని వచ్చేస్తాను" అన్నారు అత్తగారు.

నేను అక్కడే ఉన్నాను. ఉండనివ్వలేదు. అరటిగెలల బండి ఒకటి "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ మీదికొచ్చేసింది. తప్పుకున్నాను. బండి వెళ్ళేసరికి కొబ్బరికాయల కొట్టు ముందు చిలకపచ్చ చీర, ఎర్రంచు. గబగబా వెళ్ళి, "అత్తయ్యగారూ" అన్నాను.

"వచ్చావా? నీ కోసమే చూస్తున్నా. పద పద, ఇప్పటికే ఆలస్యమైంది" అందావిడ.

ఆ యేడు ఆషాఢం డిస్కౌంట్లో సగం రాజమండ్రి అదే చీర కొనుక్కుందని నాకు తరవాత తెలిసింది. పైగా మా గోదావరి జిల్లాల్లో కాస్త పెద్దావిడ ఎవరు కనపడినా అత్తయ్యగారే కదా. మీకిప్పటికే విషయం అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

గొంతు కొంచెం బొంగురుగా వినిపించింది. కోడలిగా శ్రద్ధ చూపించాలి గనక, "గొంతు పట్టేసినట్టుందండి. ఇంటికెళ్ళాక మిరియాల కషాయం పెడతాను" అన్నాను.

"ఏళ్ళ తరబడి పొయ్యి పొగకి ఇదే గొంతు తల్లీ. అయినా అడిగావు చూడూ, ఈ రోజుల్లో అలా అడిగేవాళ్ళెవరు?" అంది.

మొదటి అడుగులోనే మెప్పు పొందానని మురిసిపోయాను.

మా అత్తగారు బేరమాడరనీ, గట్టిగా మాట్లాడరనీ, బయట మంచినీళ్ళు కూడా ముట్టరనీ మా ఆయన పెళ్ళికి ముందే ఫోనులో చెప్పి ఉన్నారు. వంకాయల దగ్గర నాకు మొదటి ఆశ్చర్యం కలిగింది.

"ఆ ధర వంకాయలకి చెబుతున్నావా, తోటకి చెబుతున్నావా?" అని అడిగిందావిడ.

"పొద్దున్నే లంకలోంచి పడవెక్కి వచ్చిన సరుకండి, అమ్మగారూ" అన్నాడు కొట్టతను.

"పడవ టిక్కెట్టు నేను కొనను గానీ, పుచ్చులు తీసేసి బస్తాలో పోయి."

బస్తా. ఇంట్లో ఉన్నది ముగ్గురం. తరవాత ఏనుగు పాదమంత కందలు వచ్చాయి. బచ్చలి మోపు వచ్చింది. పనసపొట్టు కొట్టించి గోనెసంచిలో వేయించింది. నా చంకలో ఒక సంచి, చేతుల్లో రెండు, నెత్తిమీద అరిటాకుల కట్ట. దూరం నుంచి చూసేవాళ్ళకి తోట నడిచి వస్తున్నట్టు ఉండి ఉంటుంది.

ఆగలేక అడిగాను. "ఇంత ఎవరికండీ?"

"వందమందికి పైనే తింటారు కదమ్మా. నీకు చెప్పలేదా వాళ్ళు?"

"లేదండి."

"చెప్పరు. పని చేయించుకునేటప్పుడు ముందు ఎవరూ చెప్పరు."

అప్పుడు నాకు తట్టింది. నాకు తెలియకుండా నా కోసమే విందు పెడుతున్నారు. బంధువులందర్నీ పిలిచి కొత్తకోడల్ని చూపించబోతున్నారు. కళ్ళు చెమర్చాయి. అసలే కనపడని కళ్ళు, ఆ కాస్త వెలుగూ పోయింది.

తరవాత ఇంకో వింత. ఆవిడ నన్ను పుణుకుల బండి దగ్గరికి తీసికెళ్ళింది. అల్లం చట్నీతో వేడివేడిగా ఒక ప్లేటు పెట్టించింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అత్తగారు అడక్కుండానే రెండో ప్లేటు కూడా పెట్టించారు. "తిను తల్లీ, తింటేనే పని చెయ్యగలవు" అంటూ తనూ లాగించింది. ఆ పైన ఇద్దరం రోజ్‌మిల్క్ తాగాం. బయట మంచినీళ్ళు ముట్టని మనిషి నా దగ్గర మనసు విప్పి పుణుకులు తింటోందంటే, నేను ఎంత గొప్ప కోడల్ని. కొడుకుకి కూడా తెలియని అత్తగార్ని నేను తెలుసుకున్నాను. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం.

ఆటోలో ఆవిడ డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనకాల బచ్చలి కింద. దిగేసరికి ఎదురుగా షామియానా, మామిడి తోరణాలు, సన్నాయి రికార్డు. పెరట్లో గాడిపొయ్యి మండుతోంది. "బంధువులింట్లో ఏర్పాటు చేశారన్నమాట" అనుకున్నాను.

"అమ్మాయ్, ఇలా కూర్చుని ఈ కొబ్బరి కోరెయ్యి" అని పీట చూపించింది ఆవిడ.

కొత్తకోడలి చేత కొబ్బరి కోరించడం ఈ వంశంలో ఆచారమేమో అనుకుని, మనసులో దణ్ణం పెట్టుకుని మొదలెట్టాను. చిప్ప తరవాత చిప్ప. నా ముందు గుట్ట పెరుగుతోంది. అటు వెళ్ళేవాళ్ళూ ఇటు వెళ్ళేవాళ్ళూ నావైపు చూసినట్టనిపిస్తే చాలు, నమస్కారాలు పెట్టాను. ఒకటి రెండు నమస్కారాలు స్తంభాలకి కూడా వెళ్ళాయని తరవాత చెప్పారు.

అంతలో ఆవిడ ఫోను మోగింది. చేతులు పిండిలో ఉన్నాయని మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టింది. అవతల ఒక ఆడగొంతు, ఏడుపుకి దగ్గరగా ఉంది.

"మంగతాయారుగారా అండి? నేను పద్మనండి. వంటసాయానికి రమ్మన్నారు కదా, చిలకపచ్చ చీర కట్టుకున్నావిడ వెంట వెళ్ళమన్నారని వచ్చానండి. ఏంటండీ ఈ గృహప్రవేశం, ఇంట్లో పొయ్యే వెలగలేదు. పెద్దావిడ నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి జీడిపప్పు ఉప్మా చేస్తానంటున్నారు. బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, ఇకమీదట నీవేనమ్మా అంటున్నారు. నాకు భయంగా ఉందండి."

మంగతాయారు అనబడే ఆవిడ పిండి కలపడం ఆపింది. "పద్మవి నువ్వయితే, ఇక్కడ పసుపుచీర కట్టుకుని కొబ్బరి కోరుతున్నదెవరే?"

పెరట్లో ఉన్నవాళ్ళందరూ నావైపు తిరిగారు. నేను కూడా ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను.

"నువ్వెవరివి తల్లీ?" అంది ఆవిడ దగ్గరికొచ్చి.

"కోడల్నండి."

"ఎవరి కోడలివి?"

"మీ కోడల్నే అత్తయ్యగారూ."

"నాకు కొడుకులే లేరే అమ్మా" అంది మంగతాయారుగారు.

ఆ మాటతో ఆవిడ వంగి నా మొహంలోకి చూసింది. జానెడు దూరంలోకి వచ్చిన ఆ మొహాన్ని నేనూ మొదటిసారి చూశాను. గుండ్రటి మొహం, మూడురాళ్ళ ముక్కుపుడక. మా అత్తగారికి ముక్కే కుట్టలేదు. అత్త లేని కోడలుత్తమురాలన్నారు పెద్దలు. ఒకే పూట ఇద్దరత్తలున్న కోడలి గురించి వాళ్ళేమీ చెప్పి పోలేదు. లేవబోతే కాళ్ళ కింద భూమి కదిలింది. కాదు, కొబ్బరిచిప్ప మీద కాలేశాను.

ఫోనులో అవతలినుంచి మా ఆయన గొంతు వినపడింది. "హలో అండి, మా ఆవిడ ఏమైనా మీ దగ్గరుందా?"

"ఉంది బాబూ. బాగా కోరుతోంది" అంది మంగతాయారుగారు.

మా ఇంట్లో జరిగింది మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతారు గనక మీకూ చెబుతాను. మా అత్తగారు పూలు కొని వెనక్కి తిరిగితే, నేనుండాల్సిన చోట నాలాగే పసుపుచీర కట్టుకున్న పద్మ కనపడింది. "అత్తయ్యగారూ, వచ్చేశానండి" అంది పద్మ. "పద తల్లీ" అన్నారు అత్తగారు. ఆటోలో దారంతా హితబోధ.

"మా వాడికి కాస్త కోపమెక్కువ. సర్దుకుపోవాలమ్మా" అన్నారట.

"పొద్దుటినుంచి సాయంత్రం దాకే కదండీ, సర్దుకుంటాను" అందట పద్మ.

తలుపు తీసిన మా ఆయన పద్మని చూసి, "అమ్మా, ఈవిడెవరు?" అని అడిగారు.

"ఎవరేంట్రా? నీ పెళ్ళాం. పెళ్ళయి పది రోజులు కాలేదు, అప్పుడే మర్చిపోయావా?" అని కేకలేశారు మా అత్తగారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"బాబుగారూ, నాకేం తెలీదండి" అంది పద్మ.

"చూడు, మొగుణ్ణి బాబుగారూ అంటోంది. ఎంత మర్యాదగల పిల్లో. దీన్ని పట్టుకుని ఎవరంటావా?" అన్నారట అత్తగారు.

అరగంటలో ముగ్గురూ ఆటోలో గృహప్రవేశం ఇంటికొచ్చారు. నేను ఒళ్ళంతా కొబ్బరితో, నెత్తిన మంచు పడ్డదానిలా నిలబడ్డాను. కాపురం ఇవాళ్టితో సరి, మధ్యాహ్నం బండికే నిడదవోలు అనుకున్నాను. ఇక దాచి లాభం లేదని, "నాకు కళ్ళజోడు లేకపోతే కనపడదండి. పెళ్ళిచూపుల్లో దాచాం. తప్పయింది" అని గడగడా చెప్పేశాను.

 అత్తగారు నా పక్కనే పీట మీద కూలబడి, మెల్లిగా అన్నారు.

"నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయమ్మా. డాక్టరు ఎప్పుడో ఆపరేషన్ అన్నాడు. భయమేసి వీడిక్కూడా చెప్పలేదు. కొత్తకోడలు, గుడ్డి అత్త దొరికిందని ఎక్కడ అనుకుంటుందోనని..."

ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. అంటే, చూసుకున్నామనే అనుకున్నాం. ముందు నవ్వింది ఆవిడే. ఆ నవ్వుకి నా భయమంతా దిగిపోయింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగారు.

"అయితే అమ్మాయ్, పెళ్ళిచూపుల్లో ఎవరు ఎవర్ని చూసినట్టు?"

"నేను చూశాను కదమ్మా" అన్నారు మా ఆయన.

"నువ్వు తలొంచుకుని పళ్ళెంలో కాజాలు చూశావురా" అన్నారు అత్తగారు.

ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. పద్మ మా అత్తగారికి తాళాలు తిరిగిచ్చి, పీడ వదిలిందన్నంత హాయిగా వడ్డనకి దిగింది. పనసపొట్టు కూర ఆవ ఘాటుకి ముక్కు అదిరిపోయింది. మర్నాటికల్లా నా మొహం మీద కళ్ళజోడు, నెల తిరక్కుండా అత్తగారి కళ్ళకి ఆపరేషన్.

అందుచేత సభాముఖంగా, గోదావరికి ఎదురుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ప్రాణమున్నంతవరకూ చీర చూసి మనిషి వెంట వెళ్ళను. మొహం చూస్తాను. పేరు అడుగుతాను. అనుమానం తీరకపోతే ఆధార్ కార్డు చూపించమంటాను. అన్నీ సరిపోయాకే "అత్తయ్యగారూ" అని పిలుస్తాను. ఈ ప్రమాణం మొదట మా అత్తగారి ఎదుటే చేశాను.

ఆవిడేనని ముందు రూఢి చేసుకున్నాకే.