తడిబట్ట కింద చేపలు

చల్లటి నీళ్లలో గాలి ఎక్కువగా కరుగుతుందని దిల్‌సుఖ్‌నగర్‌ లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎల్బీనగర్‌లోని మా ఇంట్లో కరెంటు పోయి, గోల్డ్‌ఫిష్ తొట్టికి గాలి కొట్టే మోటారు ఆగిపోగానే నాకు అదే గుర్తొచ్చింది. మా ఆవిడది పోచంపల్లి నేతవాళ్ల ఇల్లు. మంచినీళ్ల కుండకు కట్టినట్టే, ఆమె పుట్టింటి మందపాటి తువ్వాలు తడిపి తొట్టి పైన బిగించి కట్టాను.

గంట తర్వాత బట్ట కింద ఎవరో పెదవులు చప్పరిస్తున్నట్టు వినిపించింది. ఎత్తి చూస్తే మూడు చేపలూ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

"ఆకలైతున్నట్టుంది, జర మేత వెయ్యరాదు" అంది మా ఆవిడ.

"ఆకలి కాదు, ఊపిరాడుతలేదు."

"మరి గా బట్ట ఎవరు కట్టిండ్రు? అది గూడ పుస్తకంల ఉందా?"

లేదు. గాలి నీళ్లలోకి దిగేది పైనుంచేనని మాత్రం తర్వాతి పేజీలో ఉంది. అదీ చదివాను. చదివి కూడా ఆ దారి మూసేశాను.

చెంబుతో తొట్టి నీళ్లే తోడి ఎత్తునుంచి మళ్లీ అందులోకి పోయసాగాను. రెండు చేపలు మెల్లగా కిందికి దిగాయి. మూడోది పక్కకు ఒరిగి, నేను పోసినప్పుడల్లా కదులుతోంది. పోయడం ఆపితే అది కదలదేమోనని చేయి ఆపలేదు.