గడప దాటనివాళ్ళ లెక్క

ఆ రోజుల్లో నాకు మనుషుల కన్నా మిషన్ల మీద గురి ఎక్కువ. మనిషి మరిచిపోతాడు, టీకి పోతాడు, అవసరమైతే అబద్ధమూ ఆడతాడు. మిషన్ అలా కాదని డిప్లొమాలో మూడేళ్ళు బట్టీ పట్టాను. ఆ నమ్మకంతోనే 2014లో కామారెడ్డిలో మా సేఠు దగ్గర పనికి కుదిరాను. (ఆయనది వైర్ల దుకాణం. సేఠు అనే హోదా పనివాళ్ళం ఇచ్చిందే.) ఆయన హైదరాబాదులో ఏదో ప్రదర్శన చూసి, సబ్బుపెట్టెంత సెన్సారునూ, ‘స్మార్ట్ సిటీ’ అనే మాటనూ వెంట తెచ్చాడు. దాన్ని తలుపుకు బిగిస్తే ఎవరు దాటినా ఒకటి లెక్కేస్తుంది. "సర్కారు బిల్డింగులన్నిట్ల గివే పెడితే, ఏడికి ఎంతమంది వస్తున్నరో ఊరే చెప్తదిరా!" అన్నాడు. ఊరు చెబుతుందట! ఆ సంబరంలో ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మొదటి డబ్బాను ఎల్లారెడ్డిలో ఒక కార్యాలయం లోపలి తలుపుకు బిగించాను. అక్కడ పింఛన్ల కాగితాలు తీసుకునే కిటికీ ఒకటి ఉండేది. జనం పెద్దగా రాకపోతే దాన్ని ఎత్తేసి అందరినీ కామారెడ్డికే రమ్మనాలని పైవాళ్ళ ఆలోచన. నెల రోజుల లెక్క చూసి నేను నివేదిక రాయాలి. రోజూ సాయంత్రం అక్కడి అటెండరన్న డబ్బా మీది అంకె చూసి మా దుకాణానికి ఫోన్ చేసేవాడు. (మా స్మార్ట్ సిటీకి తీగ ఆయన గొంతే.) "సార్, ఇయ్యాల ముప్పై ఆరు!" పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి కాబట్టి అందులో సగం చేసి పద్దెనిమిది అని రాసుకునేవాణ్ణి. చివరికి ‘రోజుకు ఇరవై మంది కూడా రావడం లేదు, కిటికీ అనవసరం’ అని తేల్చేసి, కింద మూడు రంగుల్లో గీతలు గీశాను. జీవితంలో మొదటి నివేదిక కదా, సొగసు చూసి నేనే మురిసిపోయాను.

కానీ ఒక పురుగు తొలుస్తూనే ఉంది. చుట్టూ అన్ని ఊళ్ళున్న చోట ఇరవై మందేనా? నివేదిక ఇచ్చేముందు ఒకసారి చూద్దామని బస్సెక్కాను.

వెళ్ళి చూస్తే వరండా నిండా జనం. మెట్ల దాకా చెప్పులు. ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. లోపల మాత్రం కిటికీ దగ్గర ఒకే ఒక్కామె, చేతిలో కాగితాల కట్ట. డబ్బా చెడిపోయిందేమోనని దాని ముందు నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. నాలుగూ లెక్కేసింది. ఇంకేం చేయాలో తెలియక, దగ్గర్లో ఆకు కత్తిరిస్తున్న ఒక అవ్వను అడిగాను: "లోపలికి పోతలేరేందవ్వా?"

"ఊరికొక్కలు పోతరు బిడ్డా. మా ఊరి కాయితాలన్నీ గామె పట్కపోయింది. పేరు పిలిస్తే లేస్తం. అందరం పోయి నిలబడితే ఈ బీడీలెవలు చుడుతరు?"

అప్పుడు డబ్బా సంగతి చెప్పక తప్పలేదు. అవ్వ కత్తెర ఆపింది. "అంటే మేం రాలేదని రాసిందా గది? ఈ కిడికీ తీసేస్తే కామారెడ్డికి పోవాలె. పొద్దంతా బస్సులకే పోతది, ఆ దినం చేతికి పనుండది." ఆ దినం పోగొట్టేవాణ్ణి నేనే. ఆ నివేదిక నా సంచిలోనే మూడు రంగుల్లో ఉంది.

అవ్వ మాత్రం చాట పక్కన పెట్టి లేచింది. "నడువుండ్రి, దాని కండ్లల్ల పడదాం!" వరండా మొత్తం వరస కట్టి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, సరిపోతుందో లేదోనని మళ్ళీ వెళ్ళింది. వద్దన్నా ఎవరూ వినలేదు. వెనకాలే ఒక మేక కూడా వెళ్ళొచ్చింది. సాయంత్రానికి ఆరు వందల పన్నెండు! అటెండరన్న ఎప్పటిలాగే నిజాయితీగా దుకాణానికి ఫోన్ చేశాడు, వెంటనే సేఠు నాకు చేశాడు: "ఎల్లారెడ్డిల జాతర గిట్ట ఉన్నదారా?"

పద్దెనిమిదీ నిజం కాదు, ఆరు వందలూ నిజం కాదు. నోటుబుక్కు కొనుక్కుని వారం రోజులు వరండాలో కూర్చుని మనిషికొక గీత గీశాను. సేఠు మండిపడ్డాడు. "డబ్బాలు అమ్మి బతుకుదామని నేను చూస్తుంటే, నువ్వు దాని పక్కన నోటుబుక్కు పెడుతవా? ఇగ ఎవరన్న కొంటరా?" ఉద్యోగం పోయిందనుకున్నాను. టీ తెప్పించుకుని తాగి ఆయనే అన్నాడు: "రాయి. కానీ డబ్బాది తప్పని రాయకు. మెట్ల కాడ పెట్టేది లోపలి దర్వాజకు పెట్టినమని రాయి." అలాగే రాశాను. కిటికీ అక్కడే ఉండిపోయింది.

గీతలు గీసిన చివరి రోజు అవ్వ నా పుస్తకంలోకి తొంగి చూసింది. "ఇందుల నేనేది?" ఒక గీత చూపించాను. "గింతేనా? పేరు రాయవా?" సిగ్గుపడి అడిగాను. చెప్పింది. ఆ గీత పక్కనే రాసుకున్నాను కూడా.

ఇప్పటికీ నా పని సెన్సార్లు బిగించడమే. ఆ పుస్తకం ఎక్కడ పోయిందో తెలియదు. ఆ రోజు లెక్క నూట నలభై ఆరు అని మాత్రం నిద్రలో లేపినా చెబుతాను. అవ్వ పేరే, ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.