వారానికి ఒక్క సూది

రిగ్గైలో ఒకే అరబ్బు ఇంట్లో నాది వంట పని, నా చెల్లెలిది ఇల్లు తుడిచే పని. దానికి చిన్నప్పటి నుంచీ షుగరు. ఇంటావిడకు, అంటే మా మామాకు, ఆ సంగతి తెలిస్తే వెనక్కి పంపేస్తుందని మా భయం. మా జీతాలతో కొన్న ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్టల కింద దాచేదాన్ని. చెల్లెలు బాత్రూములో గడియ పెట్టుకుని రోజూ సూది పొడుచుకునేది.

మామా చూసే అమెరికా చానల్లో షుగరు మందు ప్రకటన ఒకటి వచ్చేది. వారానికి ఒక్క సూది చాలట. పకపకా నవ్వుతూ ఒకావిడ కేకు కోస్తుంటుంది. ఆ మందుతో వచ్చే కీడంతా ఎవడో గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. చివర్న, మీ డాక్టర్ని అడగండి అంటాడు. మాకు డాక్టరెక్కడ ఏడ్చాడు?

అదే మందు మామా ఒళ్ళు తగ్గడానికి వాడి, వాంతులవుతున్నాయని మానేసింది. ఆమె వద్దనుకున్న బట్టలూ సెంట్లూ మాకే వచ్చేవి. మిగిలిన సూదుల్నీ అలాగే, సన్నబడతావంటూ చెల్లెలి చేతిలో పెట్టింది. ఇది టీవీలో చూసిన మందే కదా అని ఆ పిచ్చిది సంబరపడి, నాకు మాటైనా చెప్పకుండా ఇన్సులిన్ మానేసింది.

అది ఇన్సులిన్‌కి బదులు రాదని దానికేం తెలుసు? ఎంతో కాలం పట్టలేదు. వాంతులు, ఎగశ్వాస. మామా వచ్చి చూసి, జ్వరమేమో, నిమ్మరసంలో చక్కెర బాగా వేసి ఇవ్వమంది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "సెప్పకక్కా, నీకు దణ్ణం పెడతాను" అంది. నేను మామా కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాను.

ఆమె వెంటనే కారు తీసింది. ఆసుపత్రి వరండాలో ఫోను చూస్తూ, అమెరికాలో ఇలాంటి ప్రకటనల్ని నిషేధించాలంటున్నారని చెప్పింది. నిషేధం వద్దనే వాళ్ళూ ఉన్నారట, జనానికి తెలియాలి కదా అని. ఏం తెలియాలి, కేకు కొయ్యడమా? నిషేధిస్తే నిషేధించుకోనీ, ఇప్పుడా తెల్లారింది వాళ్ళకి? నాకు ఒళ్ళు మండిపోయింది. లోపల నా చెల్లెలికి స్పృహ లేదు.

చెల్లెలు బతికింది. మామా మాత్రం, ఇన్నాళ్ళూ అబద్ధమాడారు, ఇద్దరూ ఖలాస్, పని మాని మీ దేశం వెళ్ళిపోండి అనేసింది. ఆ మాట మంచం మీదున్న దానికి నేనే చెప్పాల్సి వచ్చింది. అది విని చెల్లెలు అంది:

"ఎందుకు సెప్పేవక్కా? ఇద్దరం ఇంటికెళ్ళిపోతే నాకు ఇన్సులిన్ ఎవరు కొంటారే?"