అత్తయ్య చదివిన ఆఖరి పేజీ

మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. కథయితే అసలే నానదు. సినిమాకి తీసుకెళ్తే గేటు దగ్గర టికెట్లు చింపుతుండగానే, "హీరో తమ్ముడే హంతకుడటరా" అని చెప్పేస్తుంది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు మావైపు చూసే చూపులకి నేను సినిమా అయ్యేదాకా తలెత్తను. నా పుట్టినరోజుకి పొట్లం చేతిలో పెడుతూనే, "చొక్కా. నీలం రంగు. తీరిగ్గా విప్పుకో" అంటుంది.

"విప్పేదాకా ఆగలేవా అత్తయ్యా?"

"విప్పాక నచ్చకపోతే మొహం ఎలా పెట్టాలో తెలీక చస్తావురా. ఇప్పట్నుంచే సర్దుకో."

ఆవిడ నాకు మేనత్త. మా షాపులో మాత్రం అందరికీ అత్తయ్యే. మేం బడిపిల్లల యూనిఫారాలు కుడతాం. నేను కటింగ్ మాస్టర్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు ఆపేసి అందరం చేతిపనికి కూర్చుంటాం. గుండీలు, కాజాలు, అంచులు. ఆ టైంలో ఒకరు నవల చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చదివేవాళ్ళ వాటా గుండీలు వినేవాళ్ళు కుట్టాలి. అది మా షాపు రూలు. చదివేది ఎప్పుడూ అత్తయ్యే. ఆవిడ కుట్టిన గుండీలు పిల్లలు బడి గేటు దాటేలోగా ఊడిపోతాయి కాబట్టి అందరికీ అదే క్షేమం.

నవలలు కూడా ఎప్పుడూ ఒకే రచయిత్రివే. వేడి పకోడీల్లా అమ్ముడుపోయే ప్రేమ నవలలు. మొదట్లో అమ్మాయీ అబ్బాయీ కీచులాడుకుంటారు, మధ్యలో వాన పడుతుంది, తర్వాత ఒక అపార్థం, చివర్లో పెళ్ళి. దీనిమీద షాపు రెండు పార్టీలుగా చీలిపోయింది. ఒక పార్టీకి నేను నాయకుణ్ణి. రెండో పార్టీకి ఇస్త్రీ బాబాయి.

"ఇదేం కథ బాబాయ్? మొదటి పేజీ చదివితే చివరి పేజీ చెప్పేయొచ్చు!"

"రోజూ ఇంటికెళ్తావుగా? దారి తెలిసిపోయిందని ఎప్పుడైనా మానేశావా?"

అత్తయ్య ఏ పార్టీలోనూ లేదు. ఆవిడ బాధ వేరు. పుస్తకం చేతికి రాగానే ఆఖరి పేజీ చూసి, "పెళ్ళయిపోయింది, ఇక మొదలెడదామా?" అంటుంది. "అది మాకూ తెలుసు!" అని షాపంతా అరుస్తుంది. పాపం, మొహం చిన్నబుచ్చుకుంటుంది. "ఈవిడ పుస్తకాలు నాకు అచ్చిరాలేదురా. చెప్పడానికి ఏమీ మిగల్చదు."

అలాంటిది, ఆ రచయిత్రిదే కొత్త నవల వచ్చింది. అట్టమీద 'ఈసారి ముగింపు మీరు ఊహించలేరు' అని వేశారు. నాలాంటివాళ్ళ దెప్పులు ఆ రచయిత్రికి బాగానే తగిలినట్టున్నాయి. అత్తయ్య అలవాటు ప్రకారం ఆఖరి పేజీ తెరిచింది, చూసింది, మూసేసింది. నోరు మెదపలేదు.

"ఏమైందత్తయ్యా?"

"చదివితే తెలుస్తుంది."

ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఇస్త్రీ బాబాయి పెట్టె ఎత్తడం మర్చిపోయి ఒక కాలర్ మాడ్చేశాడు. "ఒంట్లో బాగానే ఉందా అత్తయ్యా?" అని రెండు పార్టీలూ కలిసి అడిగాయి.

ఒంట్లో బాగాలేనిది అత్తయ్యకి కాదు, షాపులో కాజాలు కుట్టే మా కాజాల అక్కకి. మెడ కింద గడ్డ లేచింది. డాక్టర్లు ముక్క తీసి పరీక్షకి పంపారు. శుక్రవారం రిపోర్ట్ అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వే మనిషి ఆ వారమంతా వంచిన తల ఎత్తలేదు. కాజా ఒకచోట, గుండీ ఒకచోట. మేం చాటుగా విప్పి మళ్ళీ కుట్టేవాళ్ళం.

గురువారం అత్తయ్య చదువుతోంది. ఏం చెప్పను, ఆ నవల్లో అమ్మాయికీ గడ్డే! మా సూదులన్నీ ఆగిపోయాయి. అక్క చెయ్యి మెడ మీదికి పోయింది. అత్తయ్య దగ్గి, గొంతు సవరించుకుని గబగబా చదివేసింది. డాక్టరు రిపోర్ట్ చూసి పకపకా నవ్వాడట. "ఒసేయ్ పిచ్చిమొహమా, ఇది ఉత్త గడ్డే! వెళ్ళి పెళ్ళి చేసుకో" అన్నాడట. తర్వాత వాన, పెళ్ళి. ఆ డాక్టరు అచ్చం అత్తయ్యలాగే మాట్లాడాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

"మళ్ళీ పెళ్ళేనా! ఊహించలేరన్నారుగా!" అని నేను గింజుకున్నాను. ఇస్త్రీ బాబాయి అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు.

శుక్రవారం అక్క ఆసుపత్రికి వెళ్ళింది. మేం పని మొదలుపెట్టామో లేదో, బాబాయి ఉబ్బిన కళ్ళతో వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"పోయిందిరా! పిల్ల పోయింది!"

నా చేతిలో కత్తెర జారిపోయింది. "ఎవరు బాబాయ్? ఎవరు?"

"నవల్లో పిల్లరా!"

"నీ దుంప తెగ! నా ప్రాణం పోయింది కదయ్యా!"

పెళ్ళి ఇంకోసారి చదువుకుందామని అత్తయ్య సంచిలోంచి పుస్తకం చెప్పకుండా పట్టుకెళ్ళాడట. చదివితే పెళ్ళీ లేదు, వానా లేదు. అందరం అత్తయ్య వైపు తిరిగాం.

"ఏం చూస్తారు? ఇవాళ దానికి రిపోర్ట్. నిన్న దాని ఎదురుగా కూర్చుని ఆ చావు చదవమంటారా? మన కాజాల పిల్ల వింటోందని రాసినావిడకి తెలీదు. నాకు తెలుసుగా!"

"మరి రిపోర్ట్ ఇంకోలా వస్తే?" అన్నాడు బాబాయి మెల్లగా.

అత్తయ్య గుమ్మం వైపు చూసింది. "అదేరా నా భయం. ఈ ఒక్కదానికే ఆఖరి పేజీ అందడం లేదు."

ఇక పనేం సాగుతుంది? నేను ఒకే నిక్కరుకి రెండూ ఎడమకాళ్ళే కత్తిరించాను. సాయంత్రం అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. మా అందరి మొహాలూ వరసగా చూసింది. చివరికి అంది, "ఏం లేదట. మామూలు గడ్డేనట."

అమ్మయ్య! ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో, ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు. ఆ గోలలో బాబాయి పుస్తకం వీపు వెనక దాచబోయాడు.

"దాచకు బాబాయ్. అందులో ఆ పిల్ల చచ్చిపోయిందిగా?" అంది అక్క.

"నీకెలా తెలుసే?" అత్తయ్య నోరు తెరిచేసింది.

"పెళ్ళి మొత్తం ఒక్క పేజీ కూడా తిప్పకుండా చదివారు అత్తయ్యా. పైగా ఇన్ని ఆసుపత్రులు తిరిగాను, ఏ డాక్టరూ నన్ను ఒసేయ్ అనలేదు."

"మరి ఊరుకున్నావేం?"

"పుస్తకంలో ఉంటే ఆ పెళ్ళి ఊరందరిదీ. మీరు చదివింది నా ఒక్కదాని కోసం. నిన్న రాత్రి హాయిగా నిద్రపోయాను."

అత్తయ్య ముక్కు చీదుకుని, "సరేలే, వెళ్ళి మీ అమ్మకి చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పాలి" అంది. అక్క మొహం కడుక్కుని వచ్చేసరికి గుమ్మంలో అత్తయ్య చెప్పుల్లేవు. దారిలో పాలబూత్ అతను, మందులషాపాయన, ఎదురింటి టీచరమ్మ అందరూ అక్కకి శుభాకాంక్షలు చెప్పారట. వాళ్ళమ్మయితే వీధిలోకే ఎదురొచ్చి, "అత్తయ్యగారు ఇప్పుడే చెప్పి వెళ్ళారే!" అని కావలించుకుందట.

తర్వాత ఆ రచయిత్రి ఇంకో నవల రాసింది. అత్తయ్య ఆఖరి పేజీ తెరవగానే, "ఏమైంది, ఏమైంది?" అని ముందుగా అడిగింది నేనే.

"పెళ్ళేరా."

"అమ్మయ్య. ఇక మొదలెట్టు" అన్నాను. బాబాయి నావైపు చూసి నవ్వుతూ ఇంకో కాలర్ మాడ్చాడు.